ఉక్కు వేలు, ఎలుక తోక

ఆ బొమ్మల ఫ్యాక్టరీలో ఆమెను పేరుపెట్టి పిలిచేవాళ్ళు లేరు. అందరికీ ఆమె భూతద్దం. మొదట్లో చాటుగా అనేవాళ్ళు, తరవాత మొహం మీదే అనడం మొదలుపెట్టారు, చివరికి ఆమే ఆ పేరుకి పలకడం మొదలుపెట్టింది. మనమూ అలాగే అందాం, ఆమెకేం అభ్యంతరం లేదు.

భూతద్దం పని తనిఖీ గదిలో. అనుమానించినందుకు జీతమిచ్చే ఉద్యోగాలు లోకంలో తక్కువ, వాటిలో ఇదొకటి. కొత్త బొమ్మ ఏదొచ్చినా కళ్ళు పీకి చూడాలి, చెవులు లాగి చూడాలి, తడిగుడ్డతో రుద్ది రంగు వదులుతుందేమో చూడాలి, ఎత్తు నుంచి నేలకేసి కొట్టి చూడాలి. ఆ గదిలో ఉక్కుతో చేసిన వేలొకటి ఉంటుంది. పసివాళ్ళ వేలంత లావు, కీళ్ళ దగ్గర వంగుతుంది కూడా. బొమ్మలో ఎక్కడ సందు కనబడినా ఆ వేలు దూర్చి చూస్తారు. వేలు వెళ్ళి ఇరుక్కుందంటే బొమ్మ చెత్తతొట్టిలోకి పోవాల్సిందే. వెళ్ళకపోతే సంతకం పెట్టి పంపిస్తారు. భూతద్దం సంతకం పెట్టిన బొమ్మ వల్ల ఏ పిల్లకీ గోరంత గాయమైనట్టు ఇంతవరకూ కబురు రాలేదు.

ఈ బుద్ధిని సాయంత్రం గేటు దగ్గర విప్పి తగిలించి వస్తే గొడవే ఉండేది కాదు. ఆమె దాన్ని ఇంటికి కూడా తెచ్చుకునేది. పాలు రెండుసార్లు వాసన చూసేది. దారిలో ఉన్నానని మొగుడు ఫోన్ చేస్తే, వెనకాల వినిపించే చప్పుడు రోడ్డుదా, టీ కొట్టుదా అని చెవి రిక్కించేది. ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్. మంచివాడే, కానీ ఏ విషయంలోనూ పైకీ వెళ్ళడు, కిందికీ దిగడు, రెండు అంతస్తుల మధ్య ఆగిపోతాడు. ఏమడిగినా చూద్దాం అంటాడు.

ఆయనకి మొదటి భార్య వల్ల ఒక కూతురు. తల్లి జబ్బు చేసి పోయింది. తరవాత కొంతకాలానికి భూతద్దం ఆ ఇంటికి వచ్చింది. వచ్చిన రోజు నుంచీ పాప ఆమెను ఏ వరసా పెట్టి పిలవలేదు. అమ్మ అనలేదు సరే, పిన్ని అందామన్నా ఆ పిలుపు తల్లి చెల్లెలికి ముందే ఇచ్చేసింది. అందుకని ఎదురుగా వచ్చి నిలబడి, చూపు కలిసేదాకా ఆగి, అప్పుడు మాట మొదలుపెట్టేది. మర్యాదగానే ఉండేది. ఆ మర్యాదే భూతద్దాన్ని కోసేది.

ఆ పిల్లంటే భూతద్దానికి ప్రాణం. ఆ సంగతి చెప్పడం ఆమెకి చేతకాలేదు. చేతనైంది ఒక్కటే, పిల్ల తాకబోయే ప్రతి వస్తువునూ ముందు తాను తాకి చూడడం. స్కూలు సంచి కుట్లు లాగి చూసేది, పెన్సిల్ రంగు గోటితో గీకి చూసేది. పాప ఇదంతా గుమ్మంలో నిలబడి చూసేది. ఏమనుకునేదో ఏమో, మొహంలో తెలిసేది కాదు.

ఒక ఆదివారం పిన్ని వ్యాన్ మాట్లాడుకుని దిగింది. ఆవిడ మొక్కల నర్సరీలో పనిచేస్తుంది, గట్టి మనిషి, గట్టి గొంతు. పాతకాలపు చేపల అద్దాల తొట్టి ఒకటి బావగారి చేత మోయించుకుంటూ లోపలికి తెచ్చింది. అందులో సగానికి పైగా చెక్కపొట్టు, ఎండుగడ్డి. పైన చెక్క చట్రానికి బిగించిన ఇనప వల. పొట్టులోంచి ముందు ఒక మూతి, తరవాత ఇంకొకటి పైకి లేచాయి. జెర్బిల్స్, అంటే ఎడారి ఎలుకలు. ఒకటి ఇసక రంగు, ఒకటి నల్లది. పాప అప్పటికప్పుడు వాటికి ఇసుక, బొగ్గు అని పేర్లు పెట్టేసింది. ఆ ఇంట్లో పాప గట్టిగా నవ్వడం భూతద్దం వినడం అదే మొదలు, ఆ నవ్వు తెప్పించింది తను కాదు.

టీ తాగుతూ పిన్ని అసలు మాట బయటపెట్టింది. పరీక్షలు అయిపోగానే పాపని తన దగ్గరే ఉంచుకుని, అక్కడి స్కూల్లో చేర్పిస్తుందట. ఇంటి వెనక చోటుంది, మొక్కలున్నాయి, అక్క బిడ్డ తన బిడ్డే కదా అంది. మొగుడు ఎప్పటిలాగే మధ్యలో ఆగిపోయి, పాప ఇష్టం అన్నాడు.  అయితే పరీక్షలయ్యాక వచ్చే ఆదివారం వస్తా, అప్పుడు చెప్పు అని పిన్ని పిల్ల తల నిమిరి వెళ్ళిపోయింది.

భూతద్దం కప్పులు కడుగుతూ లెక్క తేల్చేసుకుంది. ఇవి ఎలుకలు కావు, ఎర. రేపు పిల్ల వెళ్ళేటప్పుడు వీటికి అక్కడ చోటుంది కదా అనడానికి ముందే తెచ్చి పెట్టింది. ఒకసారి అలా అనిపించాక ఆ తొట్టిలో ఏది చూసినా ఆమెకి కుట్రే కనిపించింది.

మర్నాడు చేతులకి తొడుగులు వేసుకుని తొట్టి ముందు కూర్చుంది. ఒక్కొక్కటే తీసి కాగితం మీద పరిచింది. అద్దం అంటే పగులుతుంది. కొమ్మలు గరుకు, పెచ్చులు లేస్తున్నాయి, గుచ్చుకుంటాయి. అట్ట గొట్టాలు తడిస్తే బూజు. మట్టి గిన్నెలో ఇసక, కంట్లో పడుతుంది. పగిలిన కుండ ముక్కని గుహలా బోర్లించి పెట్టింది, కుండ పెంకు ఎవరైనా పెడతారా. ఎలుకలు ఎక్కి పరిగెత్తే చెక్క చక్రం, లోపల బెండు అతికించి ఉంది, దాన్ని కడగడం ఎలా. చెక్కపొట్టు నిండా దుమ్ము. ఒక్క వస్తువు కూడా ఆమె తనిఖీకి నిలవలేదు. నిలవనందుకు ఆమెకి లోపల్లోపల సంతోషం కూడా కలిగింది, ఆ మాట దాచడం ఎందుకు.

పాప వచ్చి ఎదురుగా నిలబడింది. చూపు కలిశాక, పిన్ని అవన్నీ ఎందుకు పెట్టిందో చెప్పబోయింది. అవి కొరుకుతాయండీ, తవ్వుతాయండీ అని ఏదో మొదలుపెట్టింది. భూతద్దం మధ్యలోనే, నాకు తెలుసులేమ్మా, రోజూ నేను చేసే పనే ఇది అంది. పాప నోరు మూసుకుని వెళ్ళిపోయింది.

సాయంత్రానికల్లా కొత్త పంజరం వచ్చింది. అడుగున నీలం ప్లాస్టిక్ పళ్ళెం, చుట్టూ సన్నటి ఊచలు, మూలలన్నీ గుండ్రం. నున్నటి నీలం ప్లాస్టిక్ ఇల్లు, ప్లాస్టిక్ గొట్టం, పడుకోవడానికి దూదిలాంటి మెత్తటి పరుపు, సువాసన వచ్చే చెక్కపొట్టు పలచగా ఒక పొర. స్టాండు మీద తిరిగే ఊచల చక్రం ఒకటి, స్టాండుతో సహా తెల్ల రంగు పూసింది. భూతద్దం అన్నిటినీ లాగింది, రుద్దింది, నేలకేసి కొట్టింది. చక్రాన్నయితే సంచిలో వేసుకుని ఫ్యాక్టరీకి తీసుకెళ్ళి ఉక్కు వేలు పెట్టి చూసింది. ఏ ఊచల మధ్యా వేలు దూరలేదు. పాలు తాగే పిల్ల చేతికిచ్చినా ఫరవాలేదనుకుంది. అద్దాల తొట్టి బాల్కనీలోకి పోయింది, సామాన్లన్నీ అందులోకే.

కొత్త ఇంట్లో ఎలుకలు రెండూ కుదురుగా లేవు. పగలంతా ఊచలు కొరికేవి. మూలల్లో ప్లాస్టిక్‌ని గీకి గీకి, తవ్వడానికి ఏమీ లేక, మళ్ళీ గీకేవి. ఊచలకి రాసుకుని రాసుకుని ఇసుక ముక్కు మీద బొచ్చు పోయింది. చూశావా, ఆవిడ ఇచ్చేటప్పుడే జబ్బుతో ఇచ్చింది అని భూతద్దం మొగుడితో అంది. చూద్దాం అన్నాడాయన.

తరవాత పళ్ళెంలో నీలం రజను కనబడింది. ప్లాస్టిక్ ఇంటి అంచు రంపపు పళ్ళలా అయింది. భూతద్దం దాన్ని వెలుతురులో తిప్పి చూసి, పిల్ల పెన్సిల్ డబ్బాలో కత్తెర ఉందా లేదా చూసింది. ఉంది. కత్తెర అంచున నీలం ఏమైనా అంటిందా అని కూడా చూసింది. అంటలేదు. కడిగేసి ఉంటుందనుకుంది. పిన్ని ఇచ్చిన తొట్టే కావాలని మొండికేసి, నేను కొన్నది పాడుచేస్తోందన్నమాట అనుకుంది. ఆ అనుమానం ఆమెకి నొప్పిగానే ఉంది, అయినా దాన్ని వదులుకోలేదు. అలాంటి మనిషి ఆమె.

పరీక్షలు పూర్తయిన మర్నాడు పొద్దున్నే పాప కేక వినబడింది. కేక కూడా కాదు, ఊపిరి లోపలికి పీల్చుకున్న చప్పుడు. భూతద్దం పరిగెత్తింది. బొగ్గు పంజరం మూల ముడుచుకుని ఉంది. దాని తోక సగం నుంచి చివరిదాకా చర్మం లేదు. ఎర్రగా, తడిగా, దారంలా ఉంది. ఇసుక దూరంగా నిలబడి వెనక కాళ్ళతో పళ్ళేన్ని టపటపా కొడుతోంది, భయం వేస్తే అవి అలా కొడతాయట.

ముగ్గురూ జంతువుల ఆస్పత్రికి వెళ్ళారు. అట్టపెట్టెని పాప ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులూ దాని మీద కప్పి కూర్చుంది. డాక్టరమ్మది చిన్న వయసే, ఓపికైన మనిషి. తోక చర్మం ఒలిచినట్టు వచ్చేసిందనీ, మిగిలిన ఎముక ఎండి రాలిపోతుందనీ చెప్పింది. చీము పట్టకపోతే గండం గడిచినట్టేనట, పట్టదని మాత్రం ఇప్పుడే చెప్పలేనంది. ఎలా జరిగిందని అడిగింది. ఎవరికీ తెలీదు.

“తోక ఎక్కడైనా ఇరుక్కున్నా ఇలాగే అవుతుంది. ఎవరైనా తోక పట్టుకుని ఎత్తినా ఇలాగే అవుతుంది. శత్రువుకి దొరికితే చర్మం వదిలేసి పారిపోతాయి ఇవి” అంది.

అలా అనగానే తండ్రి కూతురి వైపు చూశాడు. కావాలని చూడలేదు, చూపు దానంతటదే వెళ్ళింది. భూతద్దం కూడా చూసింది. పాప ఇద్దరి చూపులూ పట్టుకుంది, చెవుల దాకా ఎర్రబడింది.

“నేను పట్టుకోలేదు” అంది.

ఇంటికొచ్చాక భూతద్దం కూపీ లాగడం మొదలుపెట్టింది. నిన్న సాయంత్రం పంజరంలో చెయ్యి పెట్టావు కదా అని అడిగింది. పెట్టాను, గింజలు వేశాను అంది పాప. కాసేపాగి వంటగదిలోంచి, గింజలు వేసేటప్పుడు అది చేతిలోంచి జారిందా అని అడిగింది. జారలేదంది పాప. ఇంకాసేపాగి, జారితే తప్పేం లేదమ్మా, ఎవరికైనా జారుతుంది, చెప్పేస్తే అయిపోతుంది అంది, గొంతులో తేనె పూసుకుని. ఫ్యాక్టరీలో కొత్తగా చేరినవాళ్ళ చేత తప్పు ఒప్పించేటప్పుడు కూడా సరిగ్గా ఈ గొంతే వాడేది.

పాప లేచి వచ్చి ఎదురుగా నిలబడింది. చూపు కలిసేదాకా ఆగింది.

“మీరు నన్ను నమ్మట్లేదు. నేను పిన్ని దగ్గరికి వెళ్ళిపోతాను” అంది. ఏడవలేదు.

 పిల్ల గదిలోకి వెళ్ళి తలుపు మెల్లగా వేసుకుంది. విసురుగా వేసుకున్నా బాగుండేదనిపించింది భూతద్దానికి. మొగుడితో చెబితే ఆయన నీళ్ళు నమిలాడు. ఆదివారం ఇంకెంతో దూరం లేదు.

మర్నాడు ఆమె ఊచల చక్రాన్ని పంజరం నుంచి ఊడదీసి సంచిలో వేసుకుంది. ఎందుకు తీసుకెళ్తోందో తనకే సరిగ్గా తెలీదు. చక్రం తప్పు లేదని తేలితే పిల్లదే తప్పని తేలినట్టు, అది తేలాలని ఆమెకి లేదు. చక్రందే తప్పని తేలితే పిల్లని అన్యాయంగా అనుమానించినట్టు. అడకత్తెరలో ఇరుక్కుని ఆ మనిషి ఆ పూట ఫ్యాక్టరీ మెట్లెక్కింది.

తనిఖీ గదిలో ఆమె పక్క బల్ల సూదక్కది. ఆవిడ అందరికన్నా పాత మనిషి. తక్కువ మాట్లాడుతుంది, మాట్లాడిందంటే గుచ్చుకుంటుంది, అందుకే ఆ పేరు. భూతద్దం చక్రాన్ని బల్ల మీద నిలబెట్టి ఉక్కు వేలు తీసింది. అన్ని ఊచల మధ్యా పెట్టి చూసింది. ఎక్కడా దూరలేదు. హమ్మయ్య అనుకోబోయి అనుకోలేకపోయింది. సూదక్క కళ్ళద్దాల పైనుంచి చూస్తూ ఉంది. ఏమిటని అడిగితే భూతద్దం మొత్తం చెప్పింది. ఎలుకలు, తోక, పిల్ల, ఆదివారం, అన్నీ.

“ఆ వేలు ఎవరిదే?” అంది సూదక్క.

“ఎవరిదేమిటక్కా, పసిపిల్లలది.”

“చక్రం ఎక్కింది పసిపిల్లా?”

అంతే అంది. తన బూటు లేసు విప్పి బల్ల మీద పడేసి, మళ్ళీ తన పనిలో పడింది.

భూతద్దం లేసు కొసని ఊచల మధ్య వదిలింది. వేలు దూరని చోట అది హాయిగా జారిపోయింది. చక్రాన్ని మెల్లగా తిప్పింది. కొస వెనక్కి వెళ్ళి, ఊచలు స్టాండు కాలిని దాటే చోట పట్టుబడింది. ఇంకాస్త తిప్పింది. లేసు బిగుసుకుంది. అటు నుంచి లాగితే పైనున్న అల్లిక జరజరా జారి, లోపలి తెల్ల దారం బయటపడింది. నిన్న పొద్దున చూసిన తోక ఆమె కళ్ళ ముందు మెదిలింది. 

తన పేరుకి తగ్గ భూతద్దం తీసి ఆ స్టాండు కాలి దగ్గర పెట్టి చూసింది. అక్కడ తెల్లరంగు మీద నల్లటి నలుసంత చర్మం ఎండిపోయి అతుక్కుని ఉంది, రెండు మూడు వెంట్రుకలతో సహా.

ఇక మిగతావన్నీ వాటంతటవే వచ్చి నిలబడ్డాయి. నీలం రజను కత్తెరది కాదు, పళ్ళది. పసిపిల్లలు ప్లాస్టిక్‌ని చీకుతారు, ఎలుకలు కొరుకుతాయి, కొరికింది కొంత కడుపులోకి పోతుంది. ముక్కు బొచ్చు జబ్బు వల్ల పోలేదు, తవ్వుకోవడానికి పొట్టు లేక ఊచలకి రాసుకోవడం వల్ల పోయింది. ఎలుక కోసం కట్టిన ఇంటిని పీకి పారేసి, దాని చోట పాలుతాగే పిల్లకి ఉయ్యాల కట్టింది తను. పైగా ఆ నింద తీసుకెళ్ళి ఒక పిల్ల నెత్తిన పెట్టింది. ఇన్నాళ్ళూ చేసిన తనిఖీలన్నీ ఏ గంగలో కలిశాయో అని ఆమె తనని తాను తిట్టుకున్న తిట్లు ఇక్కడ రాయడం బాగుండదు.

సాయంత్రం గేటు దగ్గర పెద్ద చెత్తతొట్టి ఉంటుంది. తనిఖీలో తప్పిన బొమ్మలన్నీ అందులో పడేస్తారు. భూతద్దం దాని ముందు ఆగింది. చక్రాన్ని అందులో వేస్తే వేసినట్టే. కొత్త చక్రం కొంటున్నాను, పాతది బాగాలేదు అంటే అడిగేవాళ్ళు లేరు. సూదక్క ఎవరికీ చెప్పదు. పిల్ల మీద అనుమానం అలాగే ఉండి, మెల్లగా మాసిపోతుంది. నిజం చెబితే మాత్రం పిల్ల వెళ్ళిపోతుంది, దానికి తానే చేతులారా కారణం అందించినట్టు. అక్కడ ఆమె ఎంతసేపు నిలబడిందో గానీ, బస్సు వెళ్ళిపోయింది. నడిచి వచ్చింది. చక్రం సంచిలోనే ఉంది.

పాప బల్ల దగ్గర కూర్చుని బొగ్గుకి మందు రాస్తోంది. ఈసారి భూతద్దమే వెళ్ళి ఎదురుగా నిలబడి, చూపు కలిసేదాకా ఆగింది. చక్రాన్ని బల్ల మీద పెట్టింది, పక్కన తోలు ఒలిచిన లేసు పెట్టింది. లేసు కొస ఊచల మధ్య ఎలా వెళ్తుందో తిప్పి చూపించింది. స్టాండు కాలి దగ్గర అంటుకున్న చర్మం చూపించింది.

“నువ్వు తోక పట్టుకోలేదు. నేను పెట్టిన చక్రంలో ఇరుక్కుంది. నువ్వు చెప్పబోతే నేను వినలేదు. నీ మీద అనుమానపడ్డాను. రెండూ నేను చేసిన తప్పులే” అంది.

పాప చక్రాన్ని చేతిలోకి తీసుకుంది. తను కూడా ఒకసారి లేసు పెట్టి తిప్పింది. నమ్మడానికి కాదు, చూడడానికి.

“నాన్నకి తెలుసా?”

“ఇంకా లేదు. నీకు చెప్పాక ఆయనకి చెప్దామని.”

“మీరు చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు.”

“తెలిసేది కాదు” అని ఒప్పుకుంది భూతద్దం.

 పాప లేచి బాల్కనీలోకి వెళ్ళింది. తొట్టిని ఒక్కతే లాగలేక ఇటు చూసింది. ఇద్దరూ కలిసి లోపలికి తెచ్చారు. ఆ సాయంత్రమంతా పాప చెబుతుంటే భూతద్దం వింది, మధ్యలో ఒక్క మాట అడ్డం పడకుండా. అద్దమైతే కొరకడానికి అంచు దొరకదట, పొట్టు ఎంత లోతుగా పోసినా బయటికి చిమ్మదట. పొట్టులో ఎండుగడ్డి కలిపితే సొరంగాలు కూలవట. సువాసన వచ్చే పొట్టు వాటి ఊపిరికి మంచిది కాదట. దూది పరుపు పోగులు కాళ్ళకి చుట్టుకుంటాయి, మింగితే కడుపులో ఉండ కడతాయి, దాని బదులు మామూలు తెల్ల కాగితం చింపి వేస్తే అవే గూడు అల్లుకుంటాయి. కొమ్మలు గరుగ్గా ఉండాలి, లేకపోతే పళ్ళు పెరిగిపోతాయి. మందు కొట్టని చెట్టువే పిన్ని కోసి తెచ్చింది. ఇసకలో పొర్లితేనే వాటి బొచ్చు శుభ్రపడుతుంది. బరువైన కుండ పెంకుని మాత్రం పొట్టు మీద పెట్టకూడదు, అడుగుకంటా ఆనించాలి, లేకపోతే కింద తవ్వినప్పుడు మీద పడుతుంది.

ఇవన్నీ నీకు ముందే తెలుసా అని భూతద్దం అడిగింది. చెప్పాను కదా అంది పాప, కోపంగా కాదు. 

సందుల్లేని చెక్క చక్రాన్ని మళ్ళీ లోపల బిగించారు. బొగ్గు తోక మానేదాకా పొట్టు, ఇసక వద్దని డాక్టరమ్మ చెప్పింది కాబట్టి దాన్ని చింపిన కాగితాల మీద విడిగా ఉంచారు, రెండూ ఒకదాని వాసన ఒకటి మరిచిపోకుండా మధ్యలో వల మాత్రం అడ్డం పెట్టి. మొగుడు వచ్చాక అంతా విని, ఈసారి చూద్దాం అనలేదు. కూతురి పక్కన కూర్చుని, డాక్టరు దగ్గర అలా చూసినందుకు తప్పయిందమ్మా అన్నాడు. పాప తల ఊపింది. ఆదివారం గురించి మాత్రం ఎవరూ ఎత్తలేదు. భూతద్దం అడగలేదు. అడిగితే వచ్చే జవాబు కన్నా అడగకుండా ఉండడమే నయమనిపించింది.

ఆదివారం పిన్ని ఖాళీ సూట్‌కేసుతో వచ్చింది. గుమ్మంలోనే తొట్టి వైపు చూసి నవ్వింది, పక్కన కాగితాల మీద ఉన్న బొగ్గుని చూసి నవ్వు ఆపేసింది. ఏమైంది దీనికి అంది. మొగుడు గొంతు సవరించుకున్నాడు. ఆయన సవరించుకునేలోపు భూతద్దం చెప్పేసింది, నేను పెట్టిన చక్రంలో ఇరుక్కుంది, మీరిచ్చినవన్నీ నేనే తీసేశాను అని. చెబుతున్నంతసేపూ ఆమె చూపు ఆ సూట్‌కేసు మీదే ఉంది.

“విన్నావా బావా” అంది పిన్ని. “ఎలుకనే చూసుకోలేనివాళ్ళు రేపు పిల్లనేం చూసుకుంటారు? నడవమ్మా, నీ బట్టలు సర్దుకో.”

పాప కదల్లేదు. ఇక అయిపోయింది అనుకుంది భూతద్దం.

“తను నాకు ముందే చెప్పింది పిన్నీ. ఎవరూ అడక్కముందే చెప్పింది” అంది పాప.

“చెప్తే ఊడిపోయిన తోక వస్తుందా తల్లీ?”

“రాదు” అంది పాప. “అమ్మ ఆస్పత్రిలో ఉన్నప్పుడు, రేపు ఇంటికొస్తుందా అని నిన్నడిగాను. వస్తుందన్నావు. నాన్ననీ విడిగా అడిగాను. వస్తుందన్నాడు. ఇద్దరూ ఒకటే చెప్పారు కదా, నిజమేననుకున్నాను. పొద్దున్నే లేచి అమ్మ మంచం మీద దుప్పటి మార్చాను.”

 మొగుడు గోడకి ఆనుకుని, తల దించుకున్నాడు. పిన్ని కూర్చుండిపోయింది. అంత గట్టి గొంతూ ఎటు పోయిందో, నీ కోసమే అన్నామమ్మా అని మాత్రం అనగలిగింది. కొంగుతో మొహం కప్పుకుంది. ఆవిడ ఏడుపు చూశాక భూతద్దానికి ఆవిడ మీద ఇన్నాళ్ళూ పెంచుకున్న అనుమానమంతా సిగ్గుగా మారింది. అక్కని పోగొట్టుకున్న మనిషి అక్క పిల్లని అడుగుతోంది, అందులో ఎర ఎక్కడిది, కుట్ర ఎక్కడిది.

పాప వెళ్ళి పిన్నిని ఆనుకుని కూర్చుంది. సెలవులకి నీ దగ్గరికే వస్తాను, నువ్వు నాకు మొక్కలు అంటుకట్టడం నేర్పించు అంది. ఉండడం మాత్రం ఇక్కడే ఉంటానంది. పిన్ని ఆ మాటకి ఎదురు చెప్పలేదు, పిల్ల చెయ్యి పట్టుకుని అలాగే కూర్చుంది.

కొంతసేపటికి కాగితాల్లో అలికిడి అయింది. బొగ్గు లేచి రెండడుగులు వేసి మళ్ళీ పడుకుంది. పాప దాని దగ్గరికి వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుంది. తోక చూసింది, కొస దగ్గర రంగు చూసింది. తలెత్తి, గదిలో ఉన్న ముగ్గురిలోనూ భూతద్దం వైపు తిరిగింది.

“బతుకుతుందా?”

పిన్ని కళ్ళు తుడుచుకుంటూ ఆమె వైపు చూసింది. మొగుడూ చూశాడు. బతుకుతుందని చెప్పమని వేడుకుంటున్నట్టున్నాయి ఇద్దరి కళ్ళూ. భూతద్దానికీ అలాగే చెప్పాలని ఉంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

“తెలీదమ్మా” అంది.

పాప ఆమె మొహంలోకి చూసి తల ఊపింది. ఇంకెవర్నీ అడగలేదు.